బుసకొట్టు దీపముల రహస్యము

మీట నొక్కగనే వెలిగి, చప్పుడు చేయక, చలించక వెలుగు నిచ్చుట విద్యుద్దీపమునకు సహజగుణమని నేడు అందరును తలంతురు. కాని నగరముల వీథులను తొలిసారిగా వెలిగించిన విద్యుద్దీపములు ఇట్టివి కావు. అవి కన్నులు చెదరునట్లు మెరసెడివి. ఒక్కొక్కప్పుడు తేనెటీగలవలె రొద చేసెడివి. ఉన్నట్టుండి త్రాచుపామువలె బుసకొట్టెడివి. బుస ఆరంభమైనంతనే వెలుగు నిలకడ తప్పి, దాని ఛాయయే మారిపోయెడిది.

ఈ బుసకు కారణమేమో ఇంజనీర్లకు చాలకాలము అంతుపట్టలేదు. దానిని కనుగొన్నది పేరుమోసిన ఆచార్యుడు కాడు. గడియారములు బాగుచేసి పొట్టపోసుకొన్న ఒక వ్యక్తి కుమార్తె. గణితపాఠములు చెప్పి కుటుంబమునకు ఆసరాయై, సాయంకాలపు తరగతులలో విద్యుచ్ఛాస్త్రము నేర్చుకొన్న స్త్రీ. ఆమె పేరు హెర్తా ఎయిర్టన్. ఆమె పరిశోధన ఫలించుటకు ఆమె పట్టుదల యెంత కారణమో, ఆనాడు ఇంగ్లండులో క్రొత్తగా తలయెత్తిన ఇంజనీరింగు విద్యావిధానమును అంత కారణము.

విద్యుచ్చాపము

రెండు బొగ్గుకడ్డీల కొనలను తాకించి, వానిగుండ ప్రబలమైన విద్యుత్ప్రవాహమును పంపి, తరువాత వానిని కొంచెము ఎడము చేసినచో ప్రవాహము తెగిపోదు. తాకిన చోట పుట్టిన వేడికి కొనలు తెల్లగా కాలును. వాని నడుమనున్న వాయువు విద్యుద్వాహకమగును. కడ్డీలను అడ్డముగా పట్టినప్పుడు ఈ మండు వాయువు వేడిచే పైకి పొంగి విల్లువలె వంగును. అందువలననే దీనికి ‘ఆర్కు’ అను పేరు కలిగెను. చాపమనగా విల్లు గనుక తెలుగున దీనిని విద్యుచ్చాపమనుచున్నారు.

1802 వ సంవత్సరమున రష్యాలో వసీలీ పెట్రోవ్ అను ఆచార్యుడు దీనిని చూచి వర్ణించెను. 1810 ప్రాంతమున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ 2000 జతల లోహఫలకములు గల బ్యాటరీతో సుమారు 4 అంగుళముల చాపమును వెలిగించి సభాసదులను ఆశ్చర్యపరచెను. అయినను బ్యాటరీలతో దీపము వెలిగించుట చాల ఖర్చుతో కూడిన పని. కావున సుమారు అరువది ఏండ్లు అది ఉపన్యాసశాలలో వింతగను, ఒకటి రెండు దీపస్తంభములలో ప్రయోగముగను మాత్రమే నిలిచెను.

1870 తరువాత మంచి డైనమోలు వచ్చుటతో పరిస్థితి మారెను. 1876 లో రష్యా దేశస్థుడగు పావెల్ యాబ్లొచ్కోవ్ తన ‘విద్యుత్కొవ్వొత్తి’ని తయారుచేసెను. 1878 లో పారిసు నగరపు రాజవీథి యొకటి ఆ దీపములతో వెలిగెను. అదే సంవత్సరము చివర లండనులో థేమ్సు నదీతీరమున అవి వెలసెను. రైల్వే స్టేషన్లు, రేవులు, కర్మాగారములు చాపదీపములను కొనసాగెను.

దీపములు వెలిగినవి గాని, వానిని నడపువారికి చిక్కులు తప్పలేదు. బొగ్గుకడ్డీలు కాలి తరిగిపోవుచుండుటచే నడిమి ఎడము పెరుగుచుండెడిది. ప్రవాహము కొంచెము హెచ్చినచో బుస పుట్టెడిది. వీటన్నింటికంటె వింత మరియొకటి కలదు. లోహపు తీగలో ప్రవాహమును రెండింతలు చేయవలెనన్న వోల్టేజిని రెండింతలు చేయవలెను. ఇది ఓమ్ నియమము. చాపమునందో, ప్రవాహము పెరిగిన కొలది వోల్టేజి తగ్గుచుండెను! పైగా ఒకరి కొలతలు మరొకరి కొలతలతో ఏకీభవించెడివి కావు. చాపములో వెనుకకు త్రోయు విద్యుద్బలమేదో దాగియున్నదని కొందరు ఊహించిరి. ఊహలు పెరిగెను గాని నియమము దొరకలేదు.

కొలతను నేర్పిన గురువు

ఈ చిక్కును విప్పుటకు పూనుకొన్న ప్రయోగశాలకు అధిపతి విలియం ఎడ్వర్డ్ ఎయిర్టన్ (1847–1908). ఆయన గ్లాస్గోలో లార్డ్ కెల్విను వద్ద శిక్షణ పొంది, 1868 లో భారతదేశపు టెలిగ్రాఫు శాఖలో చేరెను. ఆ దినములలో వందల మైళ్ల తంతిలో ఏదో యొక చోట లోపము కలిగినచో వార్తలు నిలిచిపోయెడివి. తీగవెంట మనుష్యులు వెదకుకొనుచు పోవలసి యుండెడిది. తీగ కొనయందే కూర్చుండి విద్యున్నిరోధమును కొలిచి, లోపమున్న చోటును గుర్తించు పద్ధతులను అభివృద్ధి చేసినవారిలో ఎయిర్టన్ ఒకడు. ఊహకు బదులు కొలత యుండవలెనను పాఠము ఆయనకు ఈ దేశపు తంతులవద్దనే దృఢపడినదనవచ్చును.

1873 లో ఆయన జపాను ప్రభుత్వపు ఆహ్వానముపై టోకియోలో క్రొత్తగా స్థాపించిన ఇంజనీరింగు కళాశాలకు ఆచార్యుడుగా వెళ్లెను. అచ్చట హెన్రీ డయర్ ఏర్పరచిన పాఠక్రమము ఆరేండ్లది: మొదట శాస్త్రములు, తరువాత చదువును పనియు కలసిన కాలము, చివర రెండేండ్లు పూర్తిగా పనిశాలలలో శిక్షణ. 1878 మార్చి 25 వ తేదీన ఎయిర్టన్‌ను ఆయన శిష్యులును ఆ కళాశాల మందిరమున చాపదీపమును వెలిగించిరి. జపానులో ఆ తేదీని నేటికిని విద్యుద్దినముగా జరుపుకొనుచున్నారు.

లండనుకు తిరిగివచ్చిన పిమ్మట ఆయన 1879 లో ఫిన్స్‌బరీ అను పేటలో పనివారికి సాయంకాలపు తరగతులు ప్రారంభించెను. లండను నగరపు వృత్తిసంఘములు సాంకేతికవిద్య కొరకు నెలకొల్పిన సంస్థ వానికి పోషకము. 1883 లో ఈ తరగతులకు స్వంత భవనము ఏర్పడి, ఫిన్స్‌బరీ టెక్నికల్ కళాశాల అను పేరు వచ్చెను. ఆనాడు భౌతికశాస్త్రమనగా ఆచార్యుడు బల్లవద్ద ప్రయోగము చేసి చూపుట, విద్యార్థులు బెంచీలపై కూర్చుండి వ్రాసికొనుట. ఎయిర్టన్ ఈ వరుసను మార్చెను. ప్రతి విద్యార్థియు పరికరమును చేతబట్టి, కొలిచి, అంకెలను పట్టికగా వ్రాసి, గీతచిత్రమును గీయవలెను. పరికరములు కావలసినంత లేనప్పుడు ఆయనయు, సహచరుడగు జాన్ పెర్రీయు క్రొత్తవానిని కల్పించిరి. ఆంపియర్లను, వోల్టులను సూటిగా చదువుటకు వీలైన మీటర్లలో తొలితరమువి కొన్ని వీరిరువురి సృష్టియే.

సాయంకాలపు విద్యార్థిని

1884 లో ఈ తరగతులలో చేరిన విద్యార్థులలో సారా మార్క్స్ ఒకతె. హెర్తా అను పేరు స్నేహితురాలు పెట్టినది. ఆమె 1854 ఏప్రిల్ 28 న ఇంగ్లండు దక్షిణతీరమందలి పోర్ట్‌సీలో పుట్టెను. తండ్రి పోలండునుండి వలసవచ్చిన యూదుడు. 1861 లో ఆయన మరణించగా, తల్లి కుట్టుపనిచేసి బిడ్డలను పోషించెను. తొమ్మిదవ యేట హెర్తాను లండనులో పాఠశాల నడుపుచున్న పినతల్లి తీసికొనిపోయి చదువు చెప్పించెను. పదునారవ యేటికే ఆమె ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించుచుండెను.

స్త్రీవిద్యకై పాటుపడిన బార్బరా బోడిచాన్ సహాయముతో ఆమె కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చేరి, 1880 లో గణితశాస్త్రపు పరీక్షలో నెగ్గెను. కాని ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పరీక్ష పెట్టెడిదే గాని పట్టమిచ్చెడిది కాదు. స్త్రీలకు పూర్తి పట్టములు అక్కడ 1948 లో గాని రాలేదు. హెర్తా మరుసటి యేడు లండను విశ్వవిద్యాలయపు పరీక్ష వ్రాసి బి.యస్.సి. పట్టమును పొందెను. 1884 లో ఒక గీతను కోరినన్ని సమభాగములుగా విభజించు సాధనమును కల్పించి పేటెంటు తీసికొనెను. అది ఇంజనీర్లకు, నక్షాలు గీయువారికి ఉపయోగపడు పరికరము.

గణితము తెలిసి, చేతిపని తెలిసిన ఆమెకు లోటుగానున్నది విద్యుచ్ఛాస్త్రము. దానిని నేర్పుటకు ఫిన్స్‌బరీ తలుపులు తెరచియుండెను. పగలు పనిచేయువారు రాత్రి చదువుకొనవచ్చును. స్త్రీ యని త్రోసివేయుట లేదు. మరుసటి సంవత్సరము, అనగా 1885 లో, ఆచార్య ఎయిర్టన్‌ను ఆమె వివాహమాడెను. ఇంటిపనియు, పసిబిడ్డ పెంపకమును ఆమెను కొంతకాలము ప్రయోగశాలకు దూరముగా నుంచెను. 1891 లో మరణించిన బోడిచాన్ ఆమె పేర కొంత ధనము వ్రాసియుంచెను. దానితో ఇంటిపనికి మనిషిని పెట్టుకొని ఆమె తిరిగి పరిశోధనకు పూనుకొన గలిగెను.

వేచియుండుట

అప్పటికి ఎయిర్టన్ దక్షిణ కెన్సింగ్టనులోని సెంట్రల్ కళాశాలకు మారియుండెను. అచ్చట ఆయన విద్యార్థులు చాపముపై అనేక ప్రయోగములు చేసిరి. ఆ ఫలితములతో ఆయన 1893 లో చికాగో నగరపు విద్యుత్ మహాసభలో ఒక వ్యాసము చదివెను. కాని అచ్చుకాకముందే ఆ వ్యాసపు ప్రతి పొరపాటున కాలిపోయెను. పని మరల మొదలుపెట్టవలసి వచ్చెను. హెర్తా దానిని తన బాధ్యతగా తీసికొనెను.

ఆమె మొదట అడిగిన ప్రశ్న చాల సామాన్యమైనది: ఇందరు కొలిచినను అంకెలు ఏల కలియవు? కారణము త్వరలోనే బయటపడెను. ప్రవాహమును మార్చిన వెంటనే మీటరు చదివినచో ఒక విలువ వచ్చును. కొంతసేపటికి మరియొక విలువ వచ్చును. ఏలయనగా కడ్డీల కొనల ఆకారము ప్రవాహమునుబట్టి మారుచుండును. ధనధ్రువపు కొనయందు తెల్లగా కాలు చిన్న గుంట యొకటి ఏర్పడును. ఋణధ్రువపు కొన మొనదేలును. క్రొత్త ప్రవాహమునకు తగినట్లు ఈ ఆకారము కుదురుకొనుటకు సమయము పట్టును. అంతవరకు చదివిన అంకె పాత ఆకారమునకు చెందినదో, క్రొత్తదానికి చెందినదో చెప్పలేము.

కావున ప్రవాహము, వోల్టేజి, కడ్డీల నడిమి ఎడము మూడును చాలసేపు మారకుండ నిలిచిన తరువాతనే ఆమె అంకెలను గ్రహించెను. ఇట్టి దానికి ‘సహజస్థితి చాపము’ అని పేరిడెను. చాపమును సూటిగా చూచుట కంటికి ప్రమాదము. కటకముద్వారా దాని ప్రతిబింబమును పెద్దదిగా పడవేసి, ఆ బొమ్మపై నిడివిని కొలిచెను. కడ్డీలు కాలి తరుగుచుండగా ఎడము మారకుండ సరిచేయుచు, గంటలకొలది ఓపికపట్టి సేకరించిన అంకెలవి.

అంకెలు స్థిరపడినంతనే నియమము కనబడెను. వోల్టేజిని ప్రవాహముతో గీసిన గీతచిత్రము వంకరగీత. కాని వోల్టేజిని ప్రవాహముచే హెచ్చించి, అనగా చాపము తీసికొను సామర్థ్యమును వాట్లలో లెక్కించి, దానిని ప్రవాహముతో గీసినచో సరళరేఖ వచ్చెను! నిడివి మార్చినను అంతే. 11 మి.మీ. ధన కడ్డీ, 9 మి.మీ. ఋణ కడ్డీలకు ఆమె కనుగొన్న సూత్రమిది:

వోల్టేజి = 38.88 + (2.074 × నిడివి) + [11.66 + (10.54 × నిడివి)] ÷ ప్రవాహము

ఇందు నిడివి మిల్లీమీటర్లలోను, ప్రవాహము ఆంపియర్లలోను ఉండవలెను. 3 మి.మీ. చాపమును ఉదాహరణగా తీసికొందము. ప్రవాహము 4 ఆంపియర్లయినచో సూత్రము ప్రకారము వోల్టేజి 55.9, 8 ఆంపియర్లకు 50.5, 12 ఆంపియర్లకు 48.7. ప్రవాహము మూడింతలైనను వోల్టేజి పెరుగుటకు మారు తగ్గినది. ఇక వాట్లను చూడుడు: వరుసగా 223.7, 404.1, 584.5. ఒక్కొక్క 4 ఆంపియర్లకు సరిగా 180.4 వాట్లు హెచ్చు. విద్యార్థులు గళ్లకాగితముపై ఈ రెండు గీతలను గీచి చూచినచో, వంకరగీతలో దాగిన నియమమును సరళరేఖ ఎట్లు బయటపెట్టునో స్వయముగా గ్రహింపగలరు. అంకెల రాశిలో సరళరేఖను వెదకుట నేటికిని ఇంజనీరు చేతిలోని మంచి ఉపాయము.

ఈ సూత్రములో ఇంకొక హెచ్చరిక కలదు. ప్రవాహము పెరిగినప్పుడు వోల్టేజి తగ్గునట్టి వస్తువును మారని వోల్టేజిగల తంతులకు సూటిగా కలిపినచో, ప్రవాహము అదుపుతప్పి పెరిగిపోవును. అందుచే చాపమునకు తోడుగా వరుసలో ఒక నిరోధమును ఉంచవలెను. ఇండ్లలోని గొట్టపు దీపమునకు ‘చోకు’ అను తీగచుట్టను తగిలించుట ఈ కారణముచేతనే. ఆ గొట్టములోను వెలుగునది విద్యుత్ప్రసారము జరుగు వాయువే గదా.

బుసకు కారణము

ఇక బుస సంగతి. ప్రవాహమును మెల్లగా పెంచుచు పోయినచో ఒకానొక ఘట్టమున చాపము హఠాత్తుగా బుసకొట్టును. ఆ క్షణమున వోల్టేజి సుమారు 10 వోల్టులు పడిపోవును, ప్రవాహము ఎగబ్రాకును. బుసకొట్టునప్పుడు కొనలు ఎట్లుండునో హెర్తా పరిశీలించెను. ఋణధ్రువపు కొనయందు పుట్టగొడుగువంటి బుడిపె లేచియుండెను. ధనధ్రువమందలి కాలుచున్న గుంట కడ్డీకొనను దాటి ప్రక్కలకు ప్రాకియుండెను. ఆమెకు ఆధారము ఇచ్చట దొరికెను.

ప్రవాహము పెరిగిన కొలది గుంట విశాలమగును. అది కడ్డీకొనలోనే ఇమిడియున్నంతవరకు, దానినుండి లేచు బొగ్గు ఆవిరియు, దానిచుట్టు నున్న జ్వాలయు తెరవలె అడ్డుపడి గాలిని దరిచేరనీయవు. గుంట కొనకు మించి పెరిగి ప్రక్కకు పొర్లినప్పుడు ఆ తెర చాలదు. గాలిలోని ఆమ్లజని తెల్లగా కాలుచున్న బొగ్గును సూటిగా తాకి మండించును. ఆ గాలి దూకుడే బుస. ఇది హెర్తా ఊహ.

ఊహ నిజమైనచో, గాలి సోకని చాపము బుసకొట్టరాదు. ఆమె చాపమును మూసిన పాత్రలో వెలిగించెను. లోపలి ఆమ్లజని ఖర్చయిన తరువాత ప్రవాహమును ఎంత పెంచినను వోల్టేజి హఠాత్తుగా పడిపోలేదు. గాలిని లోనికి విడిచినంతనే పడిపోయెను. కడ్డీ నడుమ రంధ్రము చేసి, దానిగుండ ఆమ్లజనిని గుంటలోనికి ఊదినప్పుడు, మామూలుగా నిశ్శబ్దముగా వెలుగు చాపములోను అదే పతనము కనబడెను. ఒకే కారణము ఉన్నప్పుడు కార్యమును ఉండుట, లేనప్పుడు లేకుండుట, బలవంతముగా కల్పించినప్పుడు మరల కలుగుట — ఈ మూడును రుజువైనవి. శాస్త్రీయ నిరూపణమునకు ఉపాధ్యాయులు చూపదగిన చక్కని ఉదాహరణ ఇది.

ఫలితము దీపముల తయారీకి వెంటనే పనికివచ్చెను. ధనధ్రువపు కడ్డీ లావైనచో గుంటకు చోటు హెచ్చు. బుస ఆలస్యముగా మొదలగును. ఎంత ప్రవాహమునకు ఎంత లావు కడ్డీ, ఎంత ఎడము ఉండవలెనో ఇక తడుముకొననక్కరలేదు. తరువాతి సంవత్సరములలో బ్రిటిషు నౌకాశాఖ కోరికపై సర్చిలైటు కడ్డీలను గూర్చిన పరిశోధనలోను ఆమె శ్రమించెను.

తెరచిన తలుపులు, మూసిన తలుపులు

1895–96 లో ఆమె ఫలితములు లండనులోని ‘ఎలక్ట్రీషియన్’ పత్రికలో వరుసగా వెలువడెను. 1899 మార్చిలో లండను విద్యుదింజనీర్ల సంస్థ ఎదుట చాపపు బుసను గూర్చిన వ్యాసమును ఆమెయే స్వయముగా చదివెను. ఆ వేదికపై తన వ్యాసమును తానే చదివిన మొదటి స్త్రీ ఆమె. ఆ యేడే సంస్థ ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. అంతకుముందు అందు స్త్రీ లేదు.

రాయల్ సొసైటీ మాత్రము వేరుగా ప్రవర్తించెను. 1901 లో చాపముయొక్క నిర్మాణమును గూర్చి ఆమె వ్రాసిన వ్యాసమును ఆమె చదువ వీలులేక జాన్ పెర్రీ చదువవలసి వచ్చెను. 1902 లో ఆమె గ్రంథము ‘ఎలక్ట్రిక్ ఆర్క్’ వెలువడెను. ఆ యేడే ఆమె పేరును సభ్యత్వమునకు సూచించిరి. వివాహిత స్త్రీకి చట్టము ప్రకారము అర్హత లేదని న్యాయవాదులు చెప్పగా సొసైటీ త్రోసిపుచ్చెను. పరిశోధనలో లోపమున్నదని ఎవ్వరును అనలేదు! 1904 లో సముద్రతీరమున ఇసుకపై ఏర్పడు అలలగుర్తులను గూర్చి ఆమె అచ్చట స్వయముగా వ్యాసము చదివెను. 1906 లో చాపముపైనను, ఇసుక అలలపైనను చేసిన పరిశోధనకు అదే సొసైటీ ఆమెకు హ్యూస్ పతకము నిచ్చెను. పతకమునకు అర్హురాలైన వ్యక్తి సభ్యత్వమునకు కాకపోయెను. ఆ సొసైటీలో తొలిసారి స్త్రీలు సభ్యులైనది 1945 లో. హ్యూస్ పతకము మరియొక స్త్రీకి లభించుటకు 2008 వరకు పట్టెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున, కందకములనుండి విషవాయువును తరుముటకు ఆమె ఒక చేతి విసనకర్రను కల్పించెను. అవి లక్షకు పైగా యుద్ధభూమికి చేరెను. 1923 ఆగస్టు 26 న ఆమె మరణించెను.

పాడిన చాపమునుండి ప్లాస్మా వరకు

ప్రవాహము పెరుగగా వోల్టేజి తగ్గుట మొదట చిక్కుగా తోచెను. అదే తరువాత వరమైనది. సెంట్రల్ కళాశాలలోనే ఎయిర్టన్ శిష్యుడగు విలియం డడ్డెల్ 1900 ప్రాంతమున చాపమునకు ప్రక్కగా ఒక కెపాసిటరును, తీగచుట్టను కలిపి చూచెను. చాపము సంగీతస్వరమును పలికెను! వోల్టేజి తగ్గు గుణమువలన చాపము ఆ వలయములోని నష్టమును భర్తీచేసి, విద్యుత్తును ఆగక ఊగులాడించుచుండెను. కెపాసిటరు, చుట్టల పరిమాణమును మార్చినచో స్వరము మారును. 1903 లో డెన్మార్కు ఇంజనీరగు వాల్డెమార్ పౌల్సెన్ చాపమును ఉదజని కలిసిన వాతావరణములో, అయస్కాంత క్షేత్రములో నుంచి, ఈ ఊపును చెవికి వినబడనంత శీఘ్రముగా చేసెను. అది రేడియో తరంగములను ప్రసరింపజేయు యంత్రమయ్యెను. రేడియో వాల్వులు ప్రబలమగువరకు చాపపు ప్రసారిణులు సముద్రములమీదుగా వార్తలను మోసెను.

చాపమునకు లోపల జరుగునదేమో తెలియుటకు మరికొంత కాలము పట్టెను. 1897 లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించెను. వేడిచే పరమాణువులు ఎలక్ట్రాన్లను, అయాన్లను ఎంతమేరకు విడిపోవునో 1920 లో మన మేఘనాథ్ సాహా సూత్రీకరించెను. ఆయన దానిని సూర్యనక్షత్రముల వాతావరణమునకు వర్తింపజేసెను. 1928 లో అమెరికా శాస్త్రజ్ఞుడగు అర్వింగ్ లాంగ్మ్యూర్ ఎలక్ట్రాన్లు, అయాన్లు దాదాపు సమముగా కలిసియున్న ఈ వాయుస్థితికి ‘ప్లాస్మా’ యని పేరు పెట్టెను.

ఈ జ్ఞానముతో చూచినచో హెర్తా సూత్రమందలి పదములకు అర్థము తెలియుచున్నది. 38.88 అను స్థిరసంఖ్యలో అధికభాగము కడ్డీకొనల నంటియుండు అతి పలుచని పొరలలో పడిపోవు వోల్టేజి. నిడివితో పెరుగు భాగము నడిమి ప్లాస్మాకు చెందినది. ప్రవాహము హెచ్చగా ప్లాస్మా మరింత వేడెక్కి, విస్తరించి, ఎక్కువ ఎలక్ట్రాన్లను విడుదల చేయును; దారి సులువగును; అందుచే వోల్టేజి తగ్గును. హెర్తా వోల్టేజి పతనమునకు గుంటపై నున్న బొగ్గుఆవిరి పొర నిరోధమే కారణమని తలచెను. పొర యున్నదన్న మాట నిజమే గాని, ఎలక్ట్రాన్లు, అయాన్ల పాత్ర తెలియని కాలమగుటచే ఆ వివరణము నేటికి నిలువలేదు. కొలతలు నిలిచినవి. సిద్ధాంతము మారినను ఓపికతో తీసిన అంకె చెడదనుటకు ఇదియే సాక్ష్యము.

బొగ్గుచాపము వీథులను ఎన్నడో వీడెను. సినిమాహాళ్ల ప్రొజెక్టర్లలో మాత్రము అది చిరకాలము వెలిగెను. తెలుగునాట కూడ ఆపరేటరు నల్లఅద్దములోనుండి చూచుచు, మరత్రిప్పి బొగ్గుకడ్డీలను దగ్గరకు జరుపుచుండెడివాడు. క్సెనాను దీపములు వచ్చిన తరువాత ఆ పని పోయినది. లోహపు పలకలను అతుకు వెల్డింగులోను, అధిక వోల్టేజి తంతులను తెగగొట్టు సర్క్యూటు బ్రేకరులోను చాపము నేటికిని ఉన్నది. మొదటిదానిలో దానిని నిలకడగా వెలిగించుట ఇంజనీరు పని. రెండవదానిలో దానిని క్షణములో ఆర్పుట.

ప్రయోగశాల తలుపు

హెర్తాను సభ్యురాలిగా చేర్చుకొన్న లండను విద్యుదింజనీర్ల సంస్థ 1953 లో ఒక తెలుగు ఆడపడుచును అసోసియేటు సభ్యురాలిగా ఎన్నుకొనెను. ఆమె అయ్యలసోమయాజుల లలిత. పదునెనిమిదవ యేట పసిబిడ్డతో వితంతువైన ఆమె, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో తండ్రి పప్పు సుబ్బారావు ఆచార్యుడుగానున్న ఎలక్ట్రికల్ శాఖలోనే చదివెను. మగవారికి మాత్రమే అలవాటైన ఆ కళాశాల, ఆమెతోపాటు చదివిన మరి ఇద్దరు స్త్రీలకును పట్టములు వ్రాయునప్పుడు, ముందే అచ్చువేసియున్న ‘అతడు’ అను మాటను కొట్టివేసి ‘ఆమె’ అని దిద్దవలసివచ్చెను. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన లలిత, 1966 లో ఆ లండను సంస్థకు పూర్తి సభ్యురాలయ్యెను.

1884 నాటి ఫిన్స్‌బరీ సాయంకాలపు తరగతిలో చేరుటకు గొప్ప వంశమును, పగటి తీరికను అక్కరలేకపోయెను. వోల్టుమీటరు చేతికిచ్చి, ‘చదివి వ్రాయుము’ అను విధానము అక్కడ ఉండెను. ఆ తరగతిలో కూర్చున్న పనివారిలో, స్త్రీలలో ఎవరు ఏమి కనుగొందురో ఆనాడు ఎవరికిని తెలియదు. ఇంజనీర్ల తరమొకటి సహించి ఊరకున్న బుసకు కారణమును వెదకి పట్టినది వారిలో ఒకతె. పాఠశాల ప్రయోగశాలలోని బీరువాకు తాళము వేసి, పరికరములను పరీక్షాధికారి వచ్చిననాడు మాత్రమే తీయు అలవాటు ఎచ్చట ఉన్నను, అచ్చట మూతపడునది బీరువా ఒక్కటే కాదు.